లారీకి కొత్త గొంగళి

ఎత్తు ఎక్కేటప్పుడు లారీ లాగడం లేదని ఎవరైనా వచ్చి చెబితే, ఈ కాలపు మెకానిక్కులు ముందు ఫిల్టరు విప్పి అవతల పారేస్తారు. అట్టపెట్టెలో నుంచి కొత్తది తీసి బిగిస్తారు. లాగితే సరే, లాగకపోతే అప్పుడు ఆలోచిస్తారు. నేను తప్పు పట్టడం లేదు. అట్టపెట్టె చేతికి అందుతుంటే ఆలోచన ఎందుకు? మా రోజుల్లో అట్టపెట్టె మద్రాసులో ఉండేది, మేము మార్కాపురంలో ఉండేవాళ్లం. మధ్యలో రైలు ఉండేది. ఆ రైలు మా పార్సెలును ఎప్పుడు దించుతుందో స్టేషను మాస్టరుకు కూడా తెలిసేది కాదు. కాబట్టి మేము ఆలోచించాల్సి వచ్చేది. బాగా ఆలోచించి మరీ తప్పులు చేసేవాళ్లం.

వాటిలో ఒకటి మీకు చెబుతాను. అది ఏ ఒక్కరి తప్పూ కాదు. నా బాధంతా అదే. అందరూ మంచి మనసుతో, మర్యాదగా, శ్రద్ధగా చేసిన పనులన్నీ కలిసి ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాయి. ఎవరో ఒకరిని తిట్టుకుని తృప్తిపడే వీలు కూడా దేవుడు నాకు మిగల్చలేదు.

యుద్ధం అయిపోయిన కొత్తలు అవి. మార్కాపురం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలో, కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క మా వైపు బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. బస్సు వెనక పొయ్యి, పొయ్యి పక్కన మసిబొమ్మలా ఒక మనిషి. ఆ మసి మింగుతూనే నేను ఇంజను పని నేర్చుకున్నాను. యుద్ధం తర్వాత క్రూడాయిలు లారీలు దిగాయి. డీజిలు అన్న మాట మా దాకా ఇంకా రాలేదు. ఏ ఇంజనుకైనా నల్లగా జిడ్డుగా పోసేదంతా మాకు క్రూడాయిలే.

మా షెడ్డులో మేము ఇద్దరం. నేనూ, కొమరోలు నుంచి వచ్చిన పెద్ద ఫిట్టరూ. ఆయన బెజవాడలో ఉండగా, ఇంజనులోకి క్రూడాయిలు చిమ్మే ఇంజక్టర్లను పరీక్షించే ఒక పనిముట్టు సంపాదించాడు. మా తాలూకాలో అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, పెట్టె మీద ఆయనే కూర్చునేవాడు. ఆ పనిముట్టు చేతికి వచ్చాక లోకంలోని రోగాలన్నీ ఆయనకు ఇంజక్టర్లలోనే కనపడసాగాయి. బ్రేకు పట్టడం లేదన్నా ముందు ఇంజక్టర్లు విప్పమనేవాడు. నేను కాదంటే అలిగి ఆ పూట అన్నం తినేవాడు కాదు. ఇంజనుతో పాటు ఆయన్నీ బాగుచేసుకుంటూ రావడం నా రోజువారీ పని.

ఇక లారీ సంగతి. ఊరి బయట పలకల గని ఉన్న ఒక పెద్దమనిషి దాన్ని కొన్నాడు. తరతరాలుగా వ్యవసాయం చేసుకునే కుటుంబం. తండ్రి హయాంలో చేలో రాయి పడితే తవ్వి గట్టున పారేశారట. ఈయన అదే రాయిని పలకలు చేసి అమ్మాడు. తండ్రి పోయాక ఆయన గొంగళిని ఈయన భుజాన వేసుకున్నాడు. ఎండయినా వానయినా అది భుజం దిగేది కాదు. లారీ వచ్చిన రోజు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తండ్రి గొంగళి కొంగుతో అద్దం తుడిచాడు. అంత ప్రేమ.

డ్రైవరు మార్కాపురం సాయిబు. నాకన్నా పెద్దవాడు. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. యుద్ధంలో పటాలం లారీ తోలి వచ్చిన మనిషి. చొక్కా నలగనిచ్చేవాడు కాదు, మాట తూలేవాడు కాదు. ఇంటికి వెళితే టీ తాగకుండా కదలనిచ్చేవాడు కాదు. ఇంత మర్యాద ఉన్న మనిషితో పని చేయడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

ఫిల్టరు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మీకు కథ అందదు. టాంకీలో నూనె ఇంజనుకు పోయే దారిలో ఒక ఇనప గిన్నె ఉండేది. గిన్నెలో ఉన్ని బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. నూనె వాటిలో నుంచి ఊరి అవతలికి పోవాలి, మట్టి ఇవతలే ఆగిపోవాలి. ఫిల్టరంటే అంతే. ఆ బిళ్లలు పాడైతే మద్రాసుకు రాయాలి. రాసి ఎదురుచూస్తూ కూర్చుంటే లోకం ఆగుతుందా? అందుకని దేనితో చేసుకోవచ్చా అని మేమే వెతుక్కున్నాం. పాత పంచె గుడ్డ పెట్టి చూశాం. పోగులు ఊడి పంపులోకి పోయాయి. గోనెపట్టా పెడితే అది మట్టిని ఆపడం మాని తన పీచు తాను కలిపింది. పట్టుగుడ్డ అడిగితే ఇంట్లో ఆడవాళ్లు చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చివరికి గొంగళి కుదిరింది. గొర్రెబొచ్చుతో నేసి, ఎన్నో వానలకు తడిసి, ఎన్నో ఎండలకు ఆరి, మెత్తగా దగ్గరపడ్డ పాత గొంగళి. గుండ్రంగా కోసి, నడుమ చిల్లు పెట్టి పేరిస్తే మద్రాసు బిళ్లలకు ఏమాత్రం తీసిపోదు. లారీ తోలే ప్రతి మనిషికీ నేను ఈ మాట చెప్పాను. పాత గొంగళి అనే చెప్పాను. విన్నవాళ్ల చెవిన పడింది మాత్రం గొంగళి అన్న ఒక్క మాటే అని తర్వాత తెలిసింది.

ఆ లారీ మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు మీదుగా కనుమ దాటి నంద్యాలకు పలకల పెట్టెలు తీసుకుపోయేది. గిద్దలూరు దాకా గుర్రంలా పరిగెత్తేది. దిగువమెట్ట దాటి నల్లమల అడవిలో ఎత్తు మొదలయ్యేసరికి దాని దమ్ము పోయేది.

మొదటిసారి డ్రైవరు షెడ్డుకు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని చెప్పాడు. "రెండో గేరు వేస్తే మొదటి గేరు అడుగుతాది అల్లుడూ. మొదటిది వేస్తే నిలబడి పోతాది. కాసేపు ఆపి పెడితే మళ్లా కదులుతాది. కొంచెం పోయి మళ్లా అదే కథ."

"పొగ ఏమన్నా వస్తా ఉందా?"

"పొగే లేదు. వస్తే నాకు ధైర్యంగానన్నా ఉండేది."

పొగ నల్లగా వస్తే గాలి చాలడం లేదని అర్థం. పొగ లేకుండా దమ్ము పోతే నూనె చాలడం లేదని అర్థం. ఇది నాకు తెలుసు. కాబట్టి టాంకీ దగ్గర నుంచి మొదలుపెట్టాను. టాంకీ మూతకు గాలి పోయే చిల్లు పలకదుమ్ముతో పూడిందేమో చూశాను. తెరిచే ఉంది. గొట్టాలు ఊది చూశాను. నూనె పైకి లాగే పంపు చూశాను. ఫిల్టరు గిన్నె విప్పాను. గిన్నె అద్దంలా మెరుస్తోంది. గొంగళి బిళ్లలు శుభ్రంగా, పొడిపొడిగా, పెళ్లికి తయారైన వాటిలా ఉన్నాయి. గాలి వైపు కూడా వదలకుండా చూశాను, ఏమీ లేదు.

పెట్టె మీద కూర్చున్న పెద్ద ఫిట్టరు గొంతు సవరించుకున్నాడు. "నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా" అన్నాడు. నిజానికి అప్పటిదాకా ఆయన ఏమీ చెప్పలేదు. ఎర్రగుడ్డ విప్పాం, ఇంజక్టర్లు పరీక్షించాం. బాగానే ఉన్నా ఆయన తృప్తికోసం కడిగి బిగించాం. ఊరి బయట రోడ్డు మీద తోలి చూస్తే లారీ చక్కగా పోయింది. సమానమైన రోడ్డు మీద అది ఎప్పుడూ చక్కగానే పోయేది. కనుమ చూడాలంటే ఒక రోజు పని మానుకోవాలి. ఎవరు మానుకుంటారు?

మళ్లీ కనుమలో ఆగింది. మళ్లీ షెడ్డుకు వచ్చింది. మళ్లీ గిన్నె మెరుస్తోంది, బిళ్లలు పొడిపొడిగా ఉన్నాయి. పంపు విప్పి మళ్లీ బిగించాను. గొట్టాలు మార్చాను. ఇంజను నన్ను చూసి నవ్వుతున్నట్టు ఉండేది. ఇంట్లో అన్నం తింటూ కూడా నూనె ఎక్కడ ఆగిపోతోందా అని ఆలోచించేవాణ్ణి. నువ్వు కూడా ఆ లారీలాగే మధ్యలో ఆగిపోతున్నావని మా ఆవిడ కంచం ముందుకు తోసేది.

ఈ లోపల అసలు కష్టం ఇంకోవైపు నుంచి వచ్చింది. గనిలో క్రూడాయిలు పీపాలు ఉండేవి. కొలత పుల్ల పెట్టి చూసుకునే అలవాటు యజమానికి ఉంది. తిరిగిన దూరానికి ఖర్చు సరిపోవడం లేదు. లారీ ఎందుకు ఆగుతోందో ఎవరికీ తెలియదు, నూనె ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియదు. తెలియని రెండు సంగతులను కలిపి ఆయన తెలిసిన సంగతి ఒకటి తయారు చేశాడు. బస్సులు ఆగే చోట ఉన్న టీ దుకాణంలో, ఊళ్లోని డ్రైవర్లందరూ ఉండగా అనేశాడు.

"కనుమలో బండి ఆగేది ఎందుకనుకున్నారు? ఆడ నూనె దించి అమ్ముకుంటా ఉన్నాడు సాయిబు. ఇంకొక్కసారి ఆగిందంటే వీణ్ణి దించేస్తా. ఇంకెవురు ఎక్కించుకుంటారో నేనూ చూస్తా."

ఆ మాట మామూలు మాట కాదు. అప్పుడు మా చుట్టుపక్కల లారీలున్న ఆసాములు కొద్దిమందే. అందరూ ఆ దుకాణంలోనే టీ తాగేవాళ్లు. నూనె దొంగ అన్న పేరు అక్కడ పడిందంటే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఎవరూ స్టీరింగు ఇవ్వరు. డ్రైవరు ఇంట్లో తల్లి, భార్య, పెళ్లికెదిగిన చెల్లెలు. ఆ సాయంత్రం ఆయన షెడ్డుకు వచ్చి, నేను వేసిన స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"అల్లుడూ, బండిలో రోగం ఉందా, నాలో ఉందా?"

"బండిలోనే ఉంది మామా."

"అయితే ఎందుకు దొరకలా?"

సిగ్గు కన్నా చిరాకు ఎక్కువ వేసింది. మరుసటి ప్రయాణానికి నేనూ వస్తానన్నాను. పెద్ద ఫిట్టరు ఇంజక్టరు పెట్టె కూడా తీసుకుపొమ్మన్నాడు. వద్దన్నాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ప్రయాణం రోజు తెల్లవారేసరికి యజమాని కూడా గొంగళి కప్పుకుని లారీ దగ్గర నిలబడి ఉన్నాడు. నూనె ఎక్కడ దిగుతుందో కళ్లారా చూడాలని వచ్చాడు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. నేను మధ్యలో. ఒకవైపు మాట్లాడని యజమాని, ఇంకోవైపు మాట్లాడని డ్రైవరు. వానాకాలం చివర, చల్లగాలి. కంభం వచ్చింది, పోయింది. గిద్దలూరు వచ్చింది, టీ కూడా తాగకుండా దాటేశాం. లారీ ఎంత చక్కగా పోతోందంటే నాకే భయం వేసింది. ఈ రోజు ఆగకపోతే రోగం దొరకదు. ఆగితే డ్రైవరు ఉద్యోగం పోతుంది. ఆగాలో వద్దో దేవుణ్ణి ఏమని అడగాలో తెలియక ఊరుకున్నాను.

దిగువమెట్ట దాటాక అడవి మొదలైంది. మలుపులు, ఎత్తు. రెండో గేరు. ఇంజను గొంతు సన్నబడింది. పొగ లేదు. మొదటి గేరు. డ్రైవరు నా వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత లారీ ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

"చూసినావా?" అన్నాడు యజమాని, ఎవర్ని అంటున్నాడో తెలియకుండా.

చక్రాలకు రాళ్లు పెట్టి నేను బానెట్ ఎత్తాను. గిన్నె విప్పి లోపల చూశాను. పెళ్లికి తయారైన బిళ్లలు ఏమయ్యాయో తెలియదు. వాటి స్థానంలో ఏదో జావ ఉంది. ఉన్ని ఉబ్బి, దాని నిండా బంక పట్టి, చేత్తో పట్టుకుంటే జారిపోతోంది. గిన్నె అడుగున నీళ్లు. అంత బంక గుండా చుక్క నూనె కూడా పోలేదు.

"మామా, ఈ బంక ఏంది?"

డ్రైవరు వంగి చూసి మామూలుగా అన్నాడు. "ఎప్పుడూ వచ్చేదే కదా. క్రూడాయిలు జిడ్డు."

"ఎప్పుడూ వచ్చేదా? మరి షెడ్డుకు తెచ్చినప్పుడు నాకు ఒక్కసారన్నా ఎందుకు కనపడలా?"

ఆయన నా వైపు చిత్రంగా చూశాడు. "కడిగి తెస్తా కదా అల్లుడూ. మురికి బండి మేస్త్రి ముందర పెట్టేది మర్యాదేనా? టాంకీ అడుగు నూనె దించి, గిన్నె, బిళ్లలు, ఇంజను మీద జిడ్డు, అన్నీ కడిగి, ఆరబెట్టి, అప్పుడు తెస్తా. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు స్నానం చెయ్యమా?"

నేను రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. రోజుల తరబడి నా బుర్ర పగలగొట్టుకున్న రోగాన్ని ఈ మర్యాదస్తుడు ప్రతిసారీ శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరబెట్టి నాకు చూపించాడు. పంపులు విప్పాను, గొట్టాలు మార్చాను, పెద్ద ఫిట్టరును బతిమాలాను. డ్రైవరు మాత్రం గిన్నె మెరిసిందా లేదా అని చూసుకున్నాడు.

"దేంతో కడుగుతావు?"

"క్రూడాయిలుతోనే. ఇంకేంటితో పోతాది జిడ్డు?"

"ఎంత పడుతుంది?"

"ఒక డబ్బా. ఒక్కోసారి ఇంకో డబ్బా."

యజమాని ముఖం మారింది. కొలత పుల్లకు అందని నూనె ఎక్కడికి పోతోందో ఆయనకు అక్కడికక్కడ తెలిసింది. కానీ తెలిసినంత మాత్రాన ఒప్పుకునే మనిషి కాదు.

నాకు మాత్రం ఇంకా తెలియాల్సింది ఉంది. పాత గొంగళి బంక కట్టదు. వేళ్ల మధ్య ఆ జావను నలిపి చూశాను. ఆ జిగట నాకు తెలుసు. చిన్నప్పుడు కొత్త గొంగళి కప్పుకుని మొదటి వానలో తడిస్తే వీపంతా అంటుకునే జిగట అది. నేసేటప్పుడు ఉన్ని దారాలకు చింతగింజల గంజి పెడతారు. అందుకే కొత్త గొంగళి అట్టలాగా నిలబడుతుంది. నాలుగు వానలు పడితేగాని ఆ గంజి వదలదు. మా వైపు పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. నాకు తెలుసు, డ్రైవరుకు తెలుసు, యజమానికి ఇంకా బాగా తెలుసు.

"ఈ బిళ్లలు కొత్త గొంగళివా?" అన్నాను.

"మరి?" అన్నాడు యజమాని. ఆయన గొంతులో గర్వం ఉంది. "లారీకి పాత గొంగళి పెడతారా ఎవురన్నా? కొత్త బండి. శుభమా అని కొనుక్కుంటే పాతబట్ట కట్టేదా? ఒక పూట మగ్గం దగ్గర కూర్చోని, కొత్తది నేయించి, అక్కడే కోయించినా."

పీపాలు గనిలో వానకు నిలబెట్టి ఉండటం నేను చూశాను. పై అంచున నిలిచిన వాననీళ్లు బిరడా సందు నుంచి లోపలికి పోతాయి. ఆ నీళ్లు నూనెతో వచ్చి ఫిల్టరులో చేరతాయి. నీళ్లు తగిలితే గంజి గంజిలాగే ఉబ్బుతుంది. చదును రోడ్డు మీద ఇంజనుకు కొంచెం నూనె చాలు, అది ఎలాగో ఊరుతుంది. ఎత్తు మీద ఎక్కువ కావాలి, అది రాదు. ఇద్దరికీ ఇదంతా విడమర్చి చెప్పాను. నా గొంతు కాస్త పెద్దదయి ఉంటుంది. చెట్ల మీద కోతులు దూరం జరిగాయి.

యజమాని అంతా విని గొంగళి సర్దుకున్నాడు. "మీరిద్దరూ మామా అల్లుళ్లు. నువ్వు ఆయన్ని కాచుకోని రాకుండా ఉంటావా? గంజంట. గంజికి లారీ ఆగుతాదంట."

"అయితే పరీక్ష పెడదాం" అన్నాను. "పాత గొంగళి బిళ్లలు వేసి చూద్దాం. ఎక్కితే నేను చెప్పింది నిజం. ఎక్కకపోతే మీ ఇష్టం."

"పాత గొంగళి ఈ అడవిలో యాడుంది?" అని ఆయన వెంటనే ఆగిపోయాడు. నేను ఆయన భుజం వైపు చూస్తున్నాను.

"ఇది మా నాయనది" అన్నాడు, రెండు చేతులతో దాన్ని దగ్గరికి లాక్కుంటూ.

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆ గొంగళి కప్పుకునే ఆ పెద్దాయన గొర్రెల వెంట తిరిగాడు, పొలం కాపలా కాశాడు, చివరికి అది కప్పుకునే పోయాడు. ఎన్ని వానలు తాగిందో, ఉన్ని వెన్నలా ఉంది. మద్రాసులో ఏ కంపెనీ కూడా అంత మంచి ఫిల్టరు చేసి ఉండదు. అయినా కొయ్యమని ఎలా చెప్పను? చెప్పకుండా ఎలా ఊరుకోను?

డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు అల్లుడూ. పెద్దాయన గొంగళి మీద కత్తి పెట్టొద్దు. ఈ బిళ్లలే కడిగి ఎట్లనో ఒకట్ల నంద్యాల చేరుస్తా. తిరిగి వచ్చినాక దిగిపోతా. ఏదో ఒక పని చేసుకుంటా."

"ఇంక కడిగేది లేదు" అని నేను అరిచాను. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండింది.

తాను దొంగ అన్న డ్రైవరే తన తండ్రి గొంగళికి అడ్డం నిలబడటం యజమాని చూశాడు. చివరికి భుజం మీద నుంచి దాన్ని తీసి, మడత విప్పి, ఒక మూల నా వైపు పట్టుకున్నాడు. మిగతాది తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"మూలన కొయ్యి. ఎంత కావాలో అంతే" అన్నాడు. ముఖం అటు తిప్పుకున్నాడు.

బిళ్లలు కోశాను. డ్రైవరు గిన్నె తుడుస్తానని చెయ్యి చాపితే ఆ చెయ్యి తోసేసి నేనే తుడిచాను. టాంకీ అడుగు నుంచి నీళ్లు దించేశాం. చేతి పంపుతో గాలి బుడగలు పోయేదాకా నూనె కొట్టాను. డ్రైవరు బిస్మిల్లా అనుకుని ఇంజను కదిలించాడు. రెండో గేరులో లారీ మలుపు తిరిగింది. తర్వాతి మలుపు కూడా తిరిగింది. మూడో గేరు కోసం అడిగింది. కనుమ నెత్తిన నందీశ్వరుడి గుడి దగ్గరకు వచ్చేదాకా మేము ముగ్గురం ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం. అవతల గాజులపల్లె వైపు దిగడం మొదలుపెట్టాక యజమాని కోసిన అంచును వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు. నంద్యాలలో పలకలు దించి, అక్కడే పడుకుని, మరునాడు వెనక్కి తిరిగాం. ఆ దారంతా ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మార్కాపురం చేరాక లారీ టీ దుకాణం దగ్గర ఆగింది. డ్రైవరు కావాలనే అక్కడ ఆపాడు. లోపల ఆ రోజు ఆ మాట విన్నవాళ్లే సగం మంది ఉన్నారు. మాకు టీ గ్లాసులు ఇస్తుంటే దుకాణం మనిషి కళ్లు గొంగళి మీద పడ్డాయి.

"ఏంది పెద్దయ్యా, మీ నాయన గొంగళికి మూల ఏమైంది?"

నేను గ్లాసు నోటి దగ్గరే ఆపాను. ఇంత మంచి అవకాశం దేవుడు కూడా పిలిచి ఇవ్వడు. ఒక్క వాక్యం చాలు.

యజమాని గొంగళి మూల లోపలికి మడుచుకున్నాడు. "ఎలుకలు కొరికినాయి" అన్నాడు.

డ్రైవరు సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. చప్పుడు కూడా కాకుండా పెట్టాడు. అంత కోపంలో కూడా మర్యాద వదలలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. కనుమలో అరిచింది చాలక ఇక్కడ కూడా అరుస్తానేమో అనిపించింది. కానీ అరవలేదు. యజమాని ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆయన బల్ల మీద ఉన్న ఆ సగం గ్లాసు చూస్తున్నాడు. టీ మీద ఇంకా ఆవిరి లేస్తోంది.

"ఎలుకలు కాదులే" అన్నాడు మెల్లగా.

"పెద్దగా చెప్పండి. అప్పుడు పెద్దగానే చెప్పినారు" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. గొంగళి మూల అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. "ఎలుకలు కాదు. లారీకి నేనే కోయించినా. దాంట్లో రోగం నేను పెట్టిందే. క్రూడాయిలు ఎవురూ అమ్ముకోలేదు. సాయిబును అనగూడని మాట అన్నా." అని కూర్చుని, తన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలి ఉంటుంది. కాలితే కాలనీ అనుకున్నాను.

బయటికి వచ్చి చూస్తే లారీ ఉంది, డ్రైవరు లేడు. ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. లోపలి మాట ఆయన చెవిన పడిందో లేదో తెలియదు. మరునాడు ఆయన గనికి వెళ్లలేదని విన్నాను. యజమాని నా దగ్గరకు వచ్చి, సాయిబు వస్తాడా అని అడిగాడు. నాకు ఇంజన్ల సంగతి తప్ప ఏమీ తెలియదన్నాను. ఆయన నడిచి డ్రైవరు ఇంటివైపు వెళ్లడం షెడ్డు గుమ్మంలో నుంచి చూశాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం లారీ షెడ్డు ముందు వచ్చి ఆగింది. నేను ఒక బస్సు కింద పడుకుని ఉన్నాను. నాకు ముందు చక్రాలు కనపడ్డాయి. ఒక్క చక్రానికి కూడా మట్టి లేదు. లేచి చూస్తే బానెట్ మెరుస్తోంది, అద్దం మెరుస్తోంది. స్టీరింగు దగ్గర ఎవరున్నారో తల ఎత్తి చూడకముందే నాకు తెలిసిపోయింది.

డ్రైవరు దిగి చేతులు కట్టుకున్నాడు. "సలాం అల్లుడూ. ఎత్తులో కొంచెం తగ్గుతా ఉంది."

"ఫిల్టరు విప్పినావా?"

"విప్పి, శుభ్రంగా కడిగి తెచ్చినా" అన్నాడు, ముఖం నిండా సంతోషంతో.

పెట్టె మీద పెద్ద ఫిట్టరు ఎర్రగుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. నేను స్పానరు కింద పడేసి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఆ మర్యాదస్తుణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. గిన్నె గురించి తిట్టాను, డబ్బాల గురించి తిట్టాను, డాక్టరు దగ్గరికి స్నానం చేసి పోవడం గురించి కూడా తిట్టాను. ఆయన తల వంచుకుని, నవ్వు ఆపుకుంటూ, మర్యాదగా విన్నాడు. ఉద్యోగంలో ఎందరినో తిట్టాను గానీ, అంత సంతోషంగా మళ్లీ ఎవరినీ తిట్టలేదు.